ఖాళీ కాగితం మీద చుక్క

మన సంఘ పత్రికలో పండుగలను గురించీ, పిండివంటలను గురించీ, పెద్దలు ఏ కరువులో ఏ బండి కట్టుకొని ఈ ప్రాంతానికి వచ్చినదీ వ్రాసేవారికి కొదవ లేదు. ఒక పెట్టె కడుపులో చిక్కుకున్న దోషాన్ని గురించి వ్రాస్తామంటే సంపాదకులు నవ్వుతారేమోనని కొంత జంకినాము. అయినా ఆ దోషం మూలాన పదకొండుమంది ఆడపిల్లల కూటికి ముప్పు వచ్చినది. అది తేలిన వైనంలో మా రిజిస్టరుకు కూడా కొంచెం పాలు ఉన్నది. కనుక వ్రాయుటే సబబని తోచినది.

మేమంటే బెంగుళూరు పీణ్యా వైపున ఒక చిన్న కార్ఖానాలో ఇన్‌వర్డు, డిస్పాచి చూచుకొనే గుమాస్తాలము, ఇద్దరము. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. పోయే సరుకును ఒక పుస్తకంలోను, తిరిగివచ్చే సరుకును ఇంకొక పుస్తకంలోను ఎక్కించుట మా పని. కంప్యూటరులో కూడా ఎక్కిస్తాము గాని, పుస్తకాన్ని మానలేదు. మానమని ఎవరూ గట్టిగా చెప్పనూ లేదు.

మా వద్ద తయారయ్యేది అరచేతి వెడల్పు పెట్టె. పల్లెలలోని పాల కేంద్రాలలో పాలు చల్లబరచే పెద్ద తొట్టి ఉంటుంది గదా, దానికి ఈ పెట్టెను తగిలిస్తారు. పాలు ఎంత చల్లగా ఉన్నవో అది నిమిషానికొకసారి వ్రాసుకుంటుంది. టాంకరు వచ్చినప్పుడు ఆ లెక్క చూచి పాలు తీసుకుంటారు. లెక్క లేకపోతే పాలు అమృతంలా ఉన్నా తగాదాయే. రెండు బర్రెలు పెట్టుకొని బ్రతికే మనిషికి ఒక పూట పాలు వెనక్కు వచ్చినవంటే ఎంత నష్టమో మనవారికి వేరే చెప్పనక్కరలేదు.

2022 వానాకాలంలో ఈ పెట్టెలు తిరిగి రాసాగినవి. ఒకటి, రెండు, ఒక వారంలో ఆరు. అన్నింటి జబ్బూ ఒక్కటే. ఎర్రదీపం వెలుగుతుంది, అంతకుమించి కదలదు. కరెంటు తీసి పెట్టినా అంతే. దీపావళి నాటికి మా పుస్తకంలో 43 ఎక్కినవి.

పైవారు కూర్చుని తేల్చినదేమంటే, టంకం సరిగా పడలేదని. చిన్న చిన్న కాళ్ళ చిప్పులను బల్ల మీద అతికేది పదకొండుమంది ఆడపిల్లలు. కొందరు తమిళులు, కొందరు మనవారు, మిగిలినవారు తుమకూరు వైపువారు. అందరూ కాంట్రాక్టు మీద ఉన్నవారే. విచారణ లేదు, పరీక్ష లేదు. ఇద్దరిని మరునాటి నుంచి రావద్దన్నారు. మిగిలిన తొమ్మిదిమంది సంగతి నెలాఖరున చూస్తామన్నారు. యంత్రం చెడితే ముందుగా చేతిపనివారి మీద పడుట లోకంలో ఉన్నదే. వారి పక్షాన మాట్లాడేవారు తక్కువ గనుక అది సులభం కూడాను.

ఆ పెట్టెలో ప్రోగ్రాము వ్రాసేవారు ముగ్గురు కుర్రవారు. అందులో ఒకడు హోసూరు అబ్బాయి. మనవాడే. ఇంట్లో ఆ ప్రాంతపు తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు. వాడు మా బల్ల వద్దకు వచ్చి, “అన్నా, టంకం ఊడితే పెట్టె ఒకసారి నడిచి ఒకసారి నిలవాలి. ఇది అట్లా కాదు. ఇది మెలకువగానే ఉంది. ఏదో చదివి, చదివింది నమ్మక నిలిచిపోతా ఉంది” అన్నాడు. చదివేదేమిటని అడిగినాము. అప్పటి నుంచి వాడు తీరికైనప్పుడల్లా టీ గ్లాసు చేతబట్టుకొని మాకు చెప్పినది ఈ క్రింద వ్రాస్తున్నాము. మాకు అర్థమైనంత మట్టుకే సుమా.

పెట్టెలో జ్ఞాపకం నిలిచేది ఫ్లాష్ మెమరీ అనే చిప్పులో. మన టెలిఫోనులో ఫోటోలు నిలిచేదీ అటువంటి దానిలోనే. కరెంటు పోయినా వ్రాసినది చెరగదు. దీనిని కనిపెట్టినవారు జపానులో తోషిబా కంపెనీలో పనిచేసిన ఫూజియో మసువోకా గారు. 1984లో దానిని పండితుల సభలో వెల్లడించినారు. ఒక్క దెబ్బతో చాలా భాగం చెరిగిపోవుట కెమేరా ఫ్లాష్ వెలిగినట్లున్నదని తోటివారొకరు అనగా ఆ పేరు నిలిచినదట. ఇప్పుడు విరివిగా వాడే ‘నాండ్’ రకాన్ని కూడా ఆయన బృందమే 1987లో బయటపెట్టినది.

దాని వ్రాత ఎట్టిదనగా: చెరిపిన చోట అన్నీ ఒకట్లే ఉంటవి. వ్రాయుటయంటే కావలసిన చోట ఒకటిని సున్న చేయుట. సున్నను మళ్ళీ ఒకటి చేయాలంటే ఆ ఒక్కదానిని చేయుటకు వీలులేదు. ఆ బ్లాకునంతా చెరపాలి. మా పెట్టెలోని చిప్పులో పేజీకి 2048 అక్షరాలు, అంచున తనిఖీ కొరకు మరి 64 అక్షరాల చోటు. అటువంటి పేజీలు 64 కలిస్తే ఒక బ్లాకు. పిల్లవాని పలక మీద ఒక్క అక్షరం తప్పినా పలకనంతా తడిగుడ్డతో తుడిచి మళ్ళీ వ్రాయాలంటే ఎట్లా ఉంటుంది? అట్లా. పైగా తుడిచినకొద్దీ పలక అరుగుతుంది. మంచి రకం చిప్పు ఒక్కొక్క బ్లాకు లక్ష తుడుపుల వరకు తాళుతుంది, చౌక రకాలు కొన్ని వేలకే కుంగిపోతవి. కార్ఖానా నుంచి వచ్చేటప్పుడే కొన్ని బ్లాకులు చెడి ఉంటవి. వాటికి అంచున గుర్తు పెట్టి పంపుతారు. చెడ్డది ఉన్నదని దాచకుండా గుర్తు పెట్టి అమ్మే సరుకు మేము దీనినే చూచినాము.

ఇది చాలక, ఊరకే ఉన్న వ్రాతలో కూడా అప్పుడొకటి ఇప్పుడొకటి తిరగబడుతుంది. ఒకటి సున్నగా కనబడుతుంది. అందువల్ల పేజీ వ్రాసినప్పుడు దాని బేరీజు వంటిది ఒకటి లెక్కకట్టి అంచున వ్రాస్తారు. చదివినప్పుడు మళ్ళీ లెక్కకట్టి సరిచూస్తారు. ఇది ఉత్త బేరీజు కాదు. ఎక్కడ తప్పు పడినదో చెప్పి దిద్దగల బేరీజు. అమెరికాలో బెల్ లేబొరేటరీలో హామింగ్ గారు 1950లో ఇటువంటి దానికి దారి చూపినారు. మా చిప్పులో వాడేది అంతకన్న బలమైనది. 1959లో ఫ్రాన్సులో హొకెంగెం గారు, 1960లో అమెరికాలో ఉన్న మన బోసు గారు, రాయచౌధురి గారు వేర్వేరుగా కనిపెట్టినారు. వారి ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతోనే దానిని ‘బీ.సీ.హెచ్.’ అంటారు. ఆ రాజ్ చంద్ర బోసు గారు కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో పనిచేసిన కాలంలో అక్కడే ఉన్న తెలుగువారు సి. ఆర్. రావు గారు. రావు గారు 1920లో పుట్టినది ఎక్కడనుకున్నారు? ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హూవిన హడగలిలో! 102 ఏళ్ళు బ్రతికి 2023లో కీర్తిశేషులైనారు. మాటలో మాటగా చెప్పినాము. కన్నడ నేల మీద పుట్టిన తెలుగువారి ప్రస్తావన మన పత్రికలో ఎందుకు వదలాలి?

ఇక డ్రైవరు. మోటారు డ్రైవరు కాదు. పెట్టెలో పెత్తనం చేసే ప్రోగ్రాము లినక్సు. ఫిన్లండు దేశంలో టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టినది. దాని నడిబొడ్డును కర్నెల్ అంటారు. కర్నెల్ పెద్ద అధికారి వంటిది, స్వయంగా చిప్పును ముట్టదు. చిప్పు భాష తెలిసిన బంట్రోతు ఒకడు నడుమ ఉంటాడు. వాడే డ్రైవరు. “ఫలానా పేజీ తెమ్ము” అంటే తెచ్చి, బేరీజు చూచి, “బాగున్నది”, లేదా “దిద్ది తెచ్చినాను”, లేదా “చెడిపోయినది, దిద్దలేను” అని విన్నవిస్తాడు. అధికారి వాని మాటనే నమ్ముతాడు. బంట్రోతు అబద్ధం చెప్పితే అధికారి ఎంతటి వాడైనా ఏమి చేస్తాడు?

ఇంతవరకు వినేసరికే మాకు తల తిరిగినది. అయితే వాడు చెప్పిన ఇంకొక కథతో మాకు హుషారు పుట్టినది. అమెరికావారు అంగారక గ్రహం మీదికి స్పిరిట్ అనే బండిని పంపినారు గదా. 2004 జనవరి 4న దిగినది. పదిహేడు రోజులు చక్కగా పనిచేసి 21వ తేదీన మాటాడుట మానివేసినది. ఇక్కడి నుంచి ఒక మాట అక్కడికి చేరుటకే అప్పుడు సుమారు పది నిమిషాలు. చేతితో ముట్టి చూచే వీలు లేదు. మొదట అందరూ యంత్రమే చెడినదేమోనని భయపడినారు. తీరా చూడగా ఆ బండి తనంతట తాను ఆగి, మళ్ళీ లేచి, మళ్ళీ ఆగి, రాత్రులు కూడా నిద్రపోక బ్యాటరీని కరిగించుకుంటున్నదని తెలిసినది. దానిలో 256 మెగాబైట్ల ఫ్లాష్ ఉన్నది. అందులో ఏ ఫైళ్ళు ఉన్నవో చూపే పట్టికను లేచినప్పుడల్లా వేరే జ్ఞాపకంలో పరచుకోవాలి. భూమి విడిచిన నాటి నుంచి ఏడు నెలల ప్రయాణంలో ఫైళ్ళు పోగుపడినవి. కొట్టివేసిన వాటి జాగా కూడా పట్టికలో అట్లాగే ఉండిపోయినది. పరచుటకు చోటు చాలక బండి పడిపోవుట, లేచి మళ్ళీ అదే పరచబోవుట. ఫ్లాష్ జోలికి పోకుండా లెమ్మని పసదీనా ఊరి ఇంజనీర్లు ఇక్కడి నుంచి ఆజ్ఞ పంపినారు. లేచినది. పాత ఫైళ్ళు తీసివేసి, ఫిబ్రవరిలో ఫ్లాష్‌ను శుభ్రంగా తుడిచి కొత్త ఖాతా తెరిచినారు. తొంభై రోజులు పనిచేస్తే చాలునని పంపిన బండి 2010 మార్చి వరకు మాటాడుతూనే ఉన్నది.

కొట్టివేసిన పద్దులకు కూడా చోటు అట్టేపెట్టుకొని కూర్చునే ఆవర్జాలను మేము చాలా చూచినాము. అందువల్ల మాకు ఈ కథ చెప్పగానే ఎక్కినది. టంకం మాట ఎత్తిన పైవారికి కూడా దీనిని చెప్పమన్నాము. హోసూరు అబ్బాయి చెప్పినాడట. “అది అంగారకుడు, ఇది పాల కేంద్రం” అని జవాబు.

అప్పుడు మేము మా పుస్తకాలు తీసినాము. తిరిగివచ్చిన 43 పెట్టెల నంబర్లు ఒక కాగితం మీద వ్రాసినాము. ఒక్కొక్క దానికి ఎదురుగా ఏ ఊరికి పోయినది, స్టోర్సులో ఏ దఫా కొన్న చిప్పు పడినది, జాబు కార్డు ప్రకారం ఎవరి చేతిమీద టంకం పడినది, ఈ మూడూ ఎక్కించినాము. రెండు సాయంత్రాల పని. కార్డు మీద పేరు ఉండదు, టోకెను నంబరు ఉంటుంది. పదకొండు టోకెన్లూ ఉన్నవి, సుమారుగా సమంగా. మేస్త్రీ అందరికన్న బాగా మెచ్చుకొనే అమ్మాయి చేతివి అయిదు! తీసివేసిన ఇద్దరివి కలిపినా ఏడే.

చిప్పు దఫా చూచేసరికి వేరే రంగు తేలినది. మొదటి దఫా చిప్పు పడిన పెట్టెలు రెండే తిరిగి వచ్చినవి. మిగిలిన 41 రెండవ దఫావి. ఊళ్ళు చూస్తే, ఆ 41లో 38 జనరేటరు లేని పల్లెలకు పోయినవి. మిగిలిన మూడు ఊళ్ళలో జనరేటరు ఉన్నది గాని, ఫోను చేసి అడిగితే దానిని తిప్పే మనిషి మధ్యాహ్నం పొలంలో ఉంటాడన్నారు.

ఆ కాగితం చూచి హోసూరు అబ్బాయి కొంతసేపు పలకలేదు. తరువాత, “అన్నా, మా ల్యాబులో కరెంటే పోదు” అన్నాడు.

అక్కడి నుంచి వారి రాత్రులు మొదలైనవి. కర్నెల్ నడుమ నడుమ అడుగడుగునా ఒక మాట చెప్పించే వరుసలు చొప్పించినారు. ఇక్కడికి వచ్చినాను, ఈ పేజీ అడిగినాను, ఈ జవాబు వచ్చినది అని. మేము వౌచరు వెనుక పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నట్లే. అవి తెర మీద జలపాతంలా దొర్లుతవి. వాటిలో కడపటి వరుస ఎప్పుడూ ఒక్కటే: ఖాళీ జాగా చెడిపోయినది. ఖాళీ జాగా చెడుట ఏమిటి? ఉన్నది చెడుతుంది గాని, లేనిది ఎట్లా చెడుతుంది? మేము నవ్వినాము. వారు నవ్వలేదు.

సంగతి ఇది. ఫ్లాష్ మీద ఫైళ్ళను సర్దే ఏర్పాటొకటి ఉన్నది. నోకియా ఇంజనీర్లు హంగెరీలోని సెగెడ్ విశ్వవిద్యాలయంతో కలిసి తయారుచేయగా 2008లో లినక్సులో చేరినది. అది కూడా మనవలెనే ముందు చిట్టా వ్రాసి తరువాత ఆవర్జాకు ఎక్కిస్తుంది. క్రమంగా దీపం ఆర్పి కొట్టు మూసినప్పుడు చిట్టా ముగించి పోతుంది, గొడవ లేదు. కరెంటు చటుక్కున పోతే చిట్టా నడుమ ఆగుతుంది. మళ్ళీ లేచినప్పుడు చిట్టా తిప్పి, చివరి పద్దు ఎక్కడ అని వెతికి, దాని తరువాతి పేజీలు నిజంగా ఖాళీయేనా అని కూడా సరిచూస్తుంది. మంచి గుమాస్తా చేసే పనే అది. చివరి పద్దు క్రింద ఎవరైనా ఏదైనా ఇరికించినారా అని చూడవద్దూ?

ఖాళీ పేజీని తెమ్మని అడిగితే డ్రైవరు తెచ్చి బేరీజు చూస్తాడు. ఖాళీ పేజీకి బేరీజు ఎవరు వ్రాసినారు? అంచు కూడా ఖాళీయే. లెక్కకట్టిన దానితో పొసగదు. కనుక ఆ డ్రైవరు వ్రాసినవారు ఒక ఉపాయం పెట్టినారు. బేరీజు కలియకపోతే పేజీ అంతా ఒకట్లేనా అని చూడు, అన్నీ ఒకట్లైతే ఖాళీ అని చెప్పు. అన్నీ ఒకట్లైనంతవరకు ఉపాయం చక్కగా ఉన్నది. రెండవ దఫా చిప్పులలో ఒకట్లు తిరగబడుట కొంచెం ఎక్కువ. ఖాళీ పేజీలో కూడా ఒకటి తిరగబడితే? అప్పుడది పూర్తిగా ఖాళీ కాదు, బేరీజు ఉన్న వ్రాతా కాదు. “చెడిపోయినది, దిద్దలేను” అన్నాడు బంట్రోతు. అధికారి నమ్మి తలుపు మూసినాడు.

ఆ పేజీని ఉన్నదున్నట్లు తెర మీద పరచి మాకు చూపినారు. ఎనిమిది ఒకట్లను కలిపి వారు ‘ఎఫ్ఎఫ్’ అని వ్రాస్తారు. పై నుంచి క్రిందికి ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్. చీమల బారు. కూడికలో తప్పు వెతకుట మాకు అలవాటు గనుక మా కళ్ళకే ముందు చిక్కినది, నడుమ ఒక్క చోట ‘ఎఫ్‌బీ’. ఆ పేజీలో 16,384 ఒకట్లు ఉండవలసిన చోట ఒక్క సున్న. తెల్లకాగితం మీద ఈగ వాలి పెట్టినంత చుక్క. దాని మూలాన ఇద్దరు ఆడపిల్లలు ఇంటికి పోయినారు.

మందు చిన్నదే. బేరీజు కలియకపోతే, పేజీని ముక్కలుగా చూచి సున్నలు ఎన్ని ఉన్నవో లెక్కపెట్టమన్నారు. ఆ చిప్పుకు 512 అక్షరాలకు నాలుగు తప్పులు దిద్దే శక్తి ఉన్నది. నాలుగు, అంతకు లోపు సున్నలుంటే అది ఖాళీ పేజీయే, చుక్కను తుడిచి ఇమ్ము. అంతకు మించితే నిజంగా చెడినదని చెప్పు. ఇందులో చిత్రమేమంటే, అసలు లినక్సులో ఇట్లా లెక్కపెట్టే ఏర్పాటు 2015లోనే వచ్చియున్నది. మాకు చిప్పులతోపాటు వచ్చిన డ్రైవరు అంతకన్న పాత నకలు. పాత సర్క్యులరు పట్టుకొని కొత్త కేసు తేల్చే ఆఫీసులు కంప్యూటరు లోకంలోనూ ఉన్నవన్నమాట.

కొత్త డ్రైవరును 43 పెట్టెలకూ ఎక్కించినారు. మేము పక్కన కూర్చుని ఒక్కొక్కటి లేచినకొద్దీ టిక్కు పెట్టినాము. 41 లేచినవి. లేచుట ఒక ఎత్తు. లోపల పాల లెక్కలు, ఆగిన నిమిషం వరకు, చెక్కు చెదరక ఉండుట ఇంకొక ఎత్తు. వాటిని అచ్చుతీసి ఆయా కేంద్రాలకు పంపినాము. తగాదాలో పడిన పాల డబ్బు కొందరికి దానితో చేతికి వచ్చినదని తరువాత ఫోనులో విన్నాము. ఆ తరువాత మూడు రాత్రులు ఒక యంత్రం చేత నిమిషానికొకసారి కరెంటు తీయించి పెట్టించినారు. ఒక్కటీ పడలేదు.

లేవని రెండూ మొదటి దఫావి. విప్పి చూడగా వాటిలో నిజంగానే టంకం ఊడియున్నది. పైవారు ఆ రెండింటినే పట్టుకొని, మేము అన్నది పూర్తిగా తప్పు కాదు గదా అన్నారు. కాదనలేదు. తొమ్మిదిమందికి కాంట్రాక్టు పొడిగించినారు. రావద్దన్న ఇద్దరికి కబురు పంపినారు. ఒకామె వచ్చినది. రెండవ ఆమె అప్పటికే ఇంటికి దగ్గరలో ఉన్న బట్టల కార్ఖానాలో చేరినది, రానన్నది. వచ్చినామెకు పోయిన ఆరు వారాల జీతం మాట ఎవరూ ఎత్తలేదు. మేము ఎత్తినాము. ఇంకా జవాబు రాలేదు.

ఇప్పుడు మా తిరుగుసరుకు పుస్తకంలో ఒక గడి పెరిగినది: పెట్టె ఆగిన నాడు కరెంటు పోయినదా? పెట్టె పంపేవారు అవునో కాదో వ్రాస్తే చాలు. ఒక పల్లె కేంద్రం కార్యదర్శి మాత్రం ఆ వారంలో కరెంటు ఎన్నిసార్లు పోయినది, ఎప్పుడు వచ్చినది, ఆదివారం పెళ్ళి పందిట్లో పోయినప్పుడు ఎవరెవరు ఏమన్నారు, అన్నీ రెండు ఠావుల నిండా వ్రాసి, దీనిని తగిన అధికారులకు పంపవలసినదిగా మమ్మల్ని కోరినాడు. ఫైలు చేసి పెట్టినాము.